గాజులు తాకట్టు పెట్టి బ్రెడ్డు నేర్చుకోవాలా?

ప్రశ్న: అక్కా, మాది మండపేట. నాకు 34 ఏళ్ళు. రెండేళ్ళుగా ఇంట్లోనే పుట్టినరోజు కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తున్నాను. నెలకు పది, పన్నెండు వెళ్తాయి. బ్రెడ్డు, బన్నులు, పఫ్‌లు కూడా మొదలుపెడితే రోజూ నాలుగు డబ్బులు కనబడతాయని ఆశ. మార్చిలో రాజమండ్రిలో రెండ్రోజుల బ్రెడ్ క్లాసుకు వెళ్ళాను. అక్కడ బాగానే వచ్చింది. ఏప్రిల్లో ఇంట్లో అదే కొలతతో చేస్తే గంట తిరక్కుండానే గిన్నె అంచు దాటి పొంగింది, ఓవెన్‌లో పెట్టగానే కూలిపోయింది. పుల్లటి వాసన కూడా. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే వరస. నాకు సరైన శిక్షణ లేకనే ఇలా అవుతోందనిపిస్తోంది. బెంగుళూరులో నాలుగు నెలల బేకింగ్ డిప్లొమా ఉంది. ఫీజు మూడున్నర లక్షలు, హాస్టల్ వేరే. గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నాను. మావారు నీ ఇష్టమన్నారు. అత్తయ్యగారు మాత్రం "తాపేశ్వరం పక్కన ఉండి, పిండి పిసకడం నేర్చుకోడానికి బెంగుళూరు వెళ్తావా" అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక చెల్లెలు

జవాబు:

నన్ను అక్కా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నాను. గాజులు చేతికే ఉండనీ, కనీసం వచ్చే సంక్రాంతి దాకా. డిప్లొమా చెడ్డదని కాదు. నీ బ్రెడ్డు కూలిపోవడానికి కారణం మూడున్నర లక్షలది కాదు, ఐస్ ముక్కలది.

నువ్వు క్లాసు చేసిన గదిలో ఏసీ ఉండే ఉంటుంది. గది 24 డిగ్రీలు, మైదా అంతే చల్లగా, కుళాయి నీళ్ళు కూడా ఓ మాదిరిగా. అలాంటి చోట "గంటసేపు మూతపెట్టి ఉంచండి" అంటే సరిపోతుంది. ఏప్రిల్లో మండపేట వంటిల్లు మధ్యాహ్నం 36 డిగ్రీల పైనే ఉంటుంది. ఈస్టు పని వేగం పది డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే అక్కడ గంటకయ్యే పని నీ ఇంట్లో అరగంట లోపే అయిపోయింది. మిగతా అరగంట ఆ పిండి అలసిపోయింది. మైదాలోని గ్లూటెన్ అల్లిన వల గాలిని పట్టి ఉంచుతుంది కదా, అది సాగీ సాగీ పల్చబడింది. ఓవెన్ వేడికి లోపలి గాలి ఒక్కసారి ఉబ్బేసరికి తెగిపోయింది. పులుపు వాసన కూడా ఎక్కువసేపు పొంగిందనే చెబుతోంది. నువ్వు మూడుసార్లు తప్పు చేయలేదు, ఒకే తప్పు మూడుసార్లు జరిగింది. రెండింటికీ చాలా తేడా ఉంది.

ఇడ్లీ పిండి సంగతి నీకు చెప్పేదేముంది? ఎండాకాలంలో రాత్రి పెద్ద గిన్నెలోకి మారుస్తావు, లేకపోతే తెల్లారేసరికి గట్టంతా పారుతుంది. డిసెంబరులో అదే పిండికి దుప్పటి కప్పినంత పని చేస్తావు. గడియారం చూసి ఇడ్లీ వేసే ఆడది మన గోదావరి జిల్లాల్లో ఉందా? బ్రెడ్డు దగ్గరకొచ్చేసరికి మాత్రం మనకు కాగితం మీద రాసిన గంటే వేదం. ఇడ్లీ పిండి కాస్త ఎక్కువ పులిసినా మినప్పప్పు జిగురు కాపాడుతుంది. బ్రెడ్డుకు ఆ ఆసరా లేదు. అందుకే దానికి వేడి లెక్క కావాలి.

ఆ లెక్క ఒక్కటి వంటబడితే నీ రెండ్రోజుల క్లాసు డబ్బులు తిరిగొచ్చినట్టే. కలిపిన పిండి ముద్ద 26 డిగ్రీల దగ్గర ఉండాలనుకో. 26ని మూడుతో గుణిస్తే 78. అందులోంచి గది వేడి, మైదా వేడి, పిసకడం వల్ల పుట్టే వేడి తీసేయి. మిగిలేది నీళ్ళు ఉండాల్సిన వేడి. గది 36, మైదా 34, చేత్తో పిసుకుతావు కాబట్టి మరో 3 వేసుకో. మొత్తం 73. మిగిలింది 5. అంటే ఏప్రిల్లో నువ్వు పోయాల్సింది ఐస్ ముక్కలు వేసి చల్లబరిచిన నీళ్ళు. అదే డిసెంబరు తెల్లవారుజామున గది 22, మైదా 22 ఉంటే నీళ్ళు 31 దాకా గోరువెచ్చగా ఉండాలి. మిక్సర్ కొంటే రాపిడి వేడి ఎక్కువ, అప్పుడు ఆ 3 స్థానంలో పదో పన్నెండో పెట్టుకోవాల్సొస్తుంది. గుచ్చి చూసే థర్మామీటర్ కొన్ని వందల్లో వస్తుంది. ముందు అది కొను.

ఇంకో మాట. ఇన్‌స్టంట్ ఈస్టును తిన్నగా ఐస్ నీళ్ళలో వేయకు, దెబ్బతింటుంది. మైదాలో కలిపేసి ఆ తర్వాత నీళ్ళు పోయి. బజారులో విడిగా తూచి పొట్లం కట్టిచ్చే ఈస్టు ఎన్నాళ్ళదో తెలీదు. సీలు ఉన్న ప్యాకెట్ తెచ్చి, విప్పాక గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకో.

ఇక నా సంగతి. బెజవాడలో బేకరీ పెట్టకముందు నేనూ ఒక కోర్సుకు వెళ్ళాను. ఊరు, పేరు ఎందుకులే. ఐదు రోజులు, నలభై మందిమి. ఒక పెద్ద బల్ల, దాని వెనక మాస్టరు. ఆయన పిసికాడు, మేం రాసుకున్నాం. ఆయన చుట్టాడు, మేం ఫోటోలు తీశాం. ఆఖరి రోజు తలా ఒక ముక్క తిన్నాం, సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికొచ్చాం. ఇంటికొచ్చి చేసిన మొదటి బ్రెడ్డు మా వీధి చివర గేదె వాసన చూసి తల తిప్పుకుంది. ఆ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించాను కూడా, అదీ నా తెలివి. ఐదు రోజుల్లో నా చేతికి పిండి అంటింది బహుశా పది నిమిషాలు. ఆ తర్వాత ఒక పాత బేకరీ మాస్టరు దగ్గర మూడు నెలలు తెల్లవారుజామున నాలుగింటికి నిలబడితే గానీ, బన్ను ఉండ ఎప్పుడు బిగిసిందో అరచేతికి తెలియలేదు. ఆయన నాకు ఒక్క రెసిపీ కూడా రాసివ్వలేదు. "వేలితో నొక్కమ్మా. గుంట వెంటనే లేస్తే ఇంకా టైముంది. మెల్లగా సగం లేస్తే ఓవెన్‌కు పంపు. అసలు లేవకపోతే నీ నిద్రమత్తు" అనేవాడు. అంతే పాఠం.

అందుకని ఏ కోర్సుకైనా డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడగాల్సిన మొదటి మాట, నా చేతులు ఎంతసేపు పిండిలో ఉంటాయని. ఒక బల్ల దగ్గర ఎంతమంది? ఒక్కొక్కరికి విడిగా పిండి ఇస్తారా, నలుగురికి కలిపి ఒక ముద్దా? ప్రీమిక్స్ వాడతారా? ఇది గట్టిగా అడుగు. చాలా చిన్న కోర్సుల్లో ఏదో ఒక కంపెనీ ప్రీమిక్స్ సంచి విప్పి నీళ్ళు కలిపించి పంపేస్తారు. నేర్చుకున్నది బ్రెడ్డు కాదు, ఆ సంచి కొనడం. కొలతలు కప్పుల్లో చెబుతారా, గ్రాముల్లోనా? మైదాను నూరుగా పెట్టుకుని మిగతావన్నీ శాతాల్లో చెప్పే పద్ధతి నేర్పుతారా? అది నేర్పకపోతే ఒక బ్రెడ్డుకు తెలిసింది ఇరవైకి తెలియదు. ఆఖరుగా, పాడైన పిండిని ఏం చేస్తారని అడుగు. మంచి గురువు ఒక ముద్దను కావాలనే ఎక్కువ పొంగనిచ్చి, ఇంకోదాన్ని తక్కువ పొంగనిచ్చి, మరోదాన్ని సరిగ్గా పొంగనిచ్చి, మూడూ కాల్చి పక్కపక్కన కోసి చూపిస్తాడు. "మా దగ్గర ఏదీ పాడవదు" అనే చోటికి వెళ్ళకు.

ఎక్కడైనా మాస్టరు "చిటికెడు బ్రోమేట్ వేస్తే బాగా లేస్తుంది" అంటే అక్కడే నోట్సు మూసేయి. పొటాషియం బ్రోమేట్‌ను మన దేశంలో 2016లోనే నిషేధించారు. పాత నోట్సులతో పాఠం చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. పిండి బాగా లేవడానికి కలిపే ఇంప్రూవర్ పొడి ప్యాకెట్ కొన్నా వెనక ఏం రాశారో చదువు.

ఇప్పుడు అసలు చిక్కు. నువ్వు బ్రెడ్డూ పఫ్‌లూ ఒకే గాట కట్టేశావు. అవి ఒక ఇంటి కోడళ్ళు కావు. ఫ్రాన్సులో రొట్టెలు చేసేవాడికీ పేస్ట్రీలు చేసేవాడికీ వేర్వేరు సర్టిఫికెట్ పరీక్షలు. బ్రెడ్డుకు ప్రాణముంది, వెచ్చదనం అడుగుతుంది. పఫ్‌కు, క్రోసాంకు (పొరలు పొరలుగా విచ్చుకునే వెన్న రొట్టె) చల్లదనం కావాలి. నాలుగు నెలల్లో రెండూ, మధ్యలో చాక్లెట్టూ, చక్కెర పూలూ చుట్టపెట్టేసే కోర్సుల్లో అన్నీ రుచి చూస్తారు, ఏదీ చేతికి రాదు. (మన దగ్గర ఇంకో గమ్మత్తుంది. బేకరీలో "పేస్ట్రీ" అంటే మనకు క్రీము పూసిన కేకు ముక్క. కోర్సుల్లో పేస్ట్రీ అంటే పఫ్, టార్ట్, షూ, క్రోసాం. క్రీము ముక్కల కోసం చేరి మొదటి రోజే వెన్న పలకలు చూసి బిత్తరపోయినవాళ్ళని నేనెరుగుదును. ఫీజు కట్టేముందు రోజువారీ పాఠాల జాబితా అడిగి తెప్పించుకో.)

పఫ్ సంగతికొస్తే మీ అత్తయ్యగారు కోపంలో అన్నా సగం నిజమే అన్నారు. తాపేశ్వరం మడత కాజా చేసేటప్పుడు ఎప్పుడైనా దగ్గరుండి చూశావా? పల్చగా ఒత్తిన మైదా రేకు మీద నెయ్యీ పిండీ రాసి, చుట్టి, కోసి, మళ్ళీ ఒత్తి నూనెలో వేస్తారు. పొరకూ పొరకూ మధ్య నెయ్యి అడ్డం ఉంటుంది కాబట్టి అవి అతుక్కోవు, విచ్చుకుంటాయి. పఫ్ కిటుకు కూడా అదే. వెన్న పలకను పిండిలో మూసి, మూడు మడతలు వేసి ఒత్తి, మళ్ళీ మూడు మడతలు. ఇలా ఆరుసార్లు చేస్తే వెన్న పొరలు 729. క్రోసాంకు మూడుసార్లు చాలు, 27. ఓవెన్‌లో పిండిలోని నీరు ఆవిరై ఒక్కో పొరనూ పైకెత్తుతుంది. తేడా ఎక్కడంటే, కాజాలో నెయ్యి మెత్తగా ఉన్నా ఫర్వాలేదు, పఫ్‌లో వెన్న గట్టిగానూ ఉండాలి, వంగాలి కూడా. అది 15, 18 డిగ్రీల మధ్యే సాధ్యం. 30 దాటిందంటే వెన్న జారిపోయి పిండిలో ఇంకిపోతుంది. అప్పుడు పొరలుండవు, నూనె ఓడే బిస్కెట్టు ఉంటుంది.

మరి మన ఊళ్ళలో బేకరీలన్నీ నడివేసవిలో కూడా ఎగ్ పఫ్‌లు ఎలా తీస్తున్నాయి? వాళ్ళు వాడేది వెన్న కాదు, పేస్ట్రీ మార్గరిన్, అంటే నూనెలతో చేసిన వెన్నలాంటి గట్టి కొవ్వు. అది కరగడానికి ఎక్కువ వేడి కావాలి. తిన్నాక అంగిలికి మైనంలా అంటుకునేది అదే. వాడితే తప్పని నేననను, ధర గిట్టాలి కదా. కాకపోతే ప్యాకెట్ మీద ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకు చేటు చేసే కొవ్వు) ఎంతో చూడు, 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో 2 శాతం మించకూడదని నిబంధన. నీ దగ్గర ఏసీ గది లేకపోతే వెన్న పఫ్‌ను డిసెంబరు, జనవరి తెల్లవారుజాములకు అట్టిపెట్టుకో. అప్పటిదాకా చేయి ఆగకపోతే షూ పేస్ట్రీ మొదలుపెట్టు. నీళ్ళు, వెన్న మరిగించి మైదా పోసి ఉడికించి, దించి కాస్త చల్లారాక గుడ్లు కొట్టి కలపడమే. దానికి వేసవి అడ్డురాదు. లోపల క్రీము పెట్టి ఇస్తే నీ కేకులు కొనేవాళ్ళే కొంటారు.

బ్రెడ్డు మాత్రం ఈ వారమే మొదలుపెట్టు. కొత్త రెసిపీలు వెతక్కు. ఒకే ఒక్కటి పట్టుకో. మైదా 300 గ్రాములు, నీళ్ళు 186, పంచదార 12, వెన్న 12, ఉప్పు 6, ఇన్‌స్టంట్ ఈస్టు 3. శాతాల్లో నూరు, 62, 4, 4, 2, 1. చిన్న బ్రెడ్ టిన్నుకు సరిపోతుంది. వెన్న ఉప్పుదైతే ఉప్పు కాస్త తగ్గించు. పిసికి పిసికి, చిన్న ముక్క తీసి రెండు చేతులా సాగదీస్తే చిరక్కుండా వెలుతురు కనిపించేంత పల్చబడాలి. చేత్తో అయితే పదిహేను నిమిషాలు పట్టొచ్చు. ముద్ద రెట్టింపయ్యాక గాలి తీసి, బిగుతుగా చుట్టి టిన్నులో పెట్టు. టిన్ను అంచుకు వేలెడు పైకి వచ్చి, వేలితో నొక్కితే గుంట మెల్లగా సగం లేస్తుంటే ఓవెన్‌లోకి. 190 డిగ్రీల్లో అరగంట పైన. గుచ్చి చూస్తే లోపల 94 డిగ్రీలుండాలి. పూర్తిగా చల్లారేదాకా కోయకు. కోసేస్తారు పిల్లలు, కనిపెట్టుకుని ఉండు.

వారానికి రెండు చొప్పున మూడు నెలలు చేయి. 24 బ్రెడ్లు, ఏడు కిలోల చిల్లర మైదా. ప్రతిసారీ ఒక నోటుబుక్కులో గది వేడి, నీళ్ళ వేడి, కలిపాక ముద్ద వేడి, ఎంతసేపటికి రెట్టింపయిందీ రాసుకో. బ్రాండు మార్చకు. ఒక్కో కంపెనీ మైదా ఒక్కోలా నీళ్ళు తాగుతుంది. మైదా అలవాటయ్యాక సగం గోధుమపిండి కలిపి చూడు. చక్కీలో ఆడిన పిండి ఎక్కువ నీళ్ళు పీలుస్తుంది, 62 అక్కడ చాలదు. ఎంత చాలుతుందో నీ పుస్తకమే చెబుతుంది.

ఆ మూడు నెలల తర్వాత కూడా శిక్షణ కావాలనిపిస్తే, అప్పుడు నీ దగ్గర అడగడానికి ప్రశ్నలుంటాయి. ప్రశ్నలున్నవాళ్ళకే కోర్సు పనికొస్తుంది. లక్షలు లేకుండా ఉన్న దారులు చెబుతాను. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు దాదాపు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి, బ్యాంకులు నడుపుతాయి. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. బేకరీ బ్యాచ్ ఎప్పుడు పెడతారో మీ జిల్లా సంస్థలో అడిగి పేరు రాయించుకో. ఐటీఐల్లో బేకర్ అండ్ కన్ఫెక్షనర్ అని ఏడాది ట్రేడు ఉంది, అన్ని ఐటీఐల్లో ఉండదు. జాతీయ హోటల్ మేనేజ్‌మెంట్ మండలి కింది సంస్థల్లో బేకరీ డిప్లొమా ఏడాదిన్నర, అందులో ఆరు నెలల దాకా హోటల్లోనో బేకరీలోనో పని. హైదరాబాద్ విద్యానగర్‌లో ఉన్నది ఆ మండలి కిందదే. ఏ ఏడాది ఎక్కడ ఏ కోర్సు నడుస్తుందో ప్రవేశ ప్రకటనలో చూసుకోవాలి. ఇల్లు వదిలి అంతకాలం ఉండలేవు కాబట్టి నీకది కుదరకపోవచ్చు, మీ ఇంట్లో ఇంటర్ అయిన తమ్ముడో మేనకోడలో ఉంటే చెప్పు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో పిండి, బేకింగ్ మీద ప్రత్యేక విభాగమే ఉంది, కొద్దిరోజుల శిక్షణలు పెడుతుంటారు. అందం, అలంకరణ అక్కడ వెతక్కు. బ్రెడ్డు ఎందుకు పాచిపోతుందో, ఎన్నాళ్ళు నిలవుంటుందో తెలియాలంటే అక్కడికెళ్ళు.

అన్నిటికంటే దగ్గరి దారి మీ ఊళ్ళోనే ఉంది. ప్రతి చిన్న టౌనులోనూ "బెంగుళూరు అయ్యంగార్ బేకరీ" బోర్డు ఒకటి కనిపిస్తుంది చూడు. నువ్వు బెంగుళూరు వెళ్ళడమెందుకు, బెంగుళూరే బోర్డు కట్టుకుని మనూరొచ్చింది. ఆ వెనక గదిలో మగవాళ్ళే ఉంటారు, రాత్రి పని, ఒక్కదానివి వెళ్ళడం ఇబ్బందే. నాకూ ఇబ్బందే అయింది. మా ఆయన మొదటి వారం రోజులూ బయట బల్ల మీద కూర్చుని పేపరు చదివాడు, మాస్టరు ఆయనకూ టీ ఇచ్చేవాడు. ఓనరు భార్యతో ముందు మాట్లాడు. జీతం అడగను, పాతిక బన్నులు చుట్టనివ్వండి చాలు అని చెప్పు. రోజుకు పాతిక చొప్పున నెలకు ఏడు వందల పైన. ఏ డిప్లొమాలోనూ అన్ని చుట్టనివ్వరు.

మరి ఆ బెంగుళూరు డిప్లొమా ఎవరికి? పెద్ద హోటల్లో ఉద్యోగానికో, విదేశాలకో వెళ్ళాలనుకునే పాతికేళ్ళ పిల్లకు. మంచి ఓవెన్లు, చల్లటి గది, రోజంతా చేతిపని, పేరున్న గురువులు ఉంటే ఆ డబ్బుకు అర్థముంది. నువ్వు రాసింది మండపేటలో రోజువారీ అమ్మకం గురించి. మూడున్నర లక్షలకు వడ్డీతో కలిపి లెక్క వేసుకో, ఒక్కో బన్ను మీద రెండు రూపాయలు మిగిలినా అసలుకే లక్షా డెబ్బై అయిదు వేల బన్నులు అమ్మాలి. అంతకు సగం డబ్బుతో ఒక డెక్ ఓవెన్ (బేకరీల్లో వాడే పెద్ద ఓవెన్), పిండి కలిపే చిన్న మిక్సర్ వచ్చేస్తాయేమో కనుక్కో.

అమ్మకం గురించి కూడా ఒక మాట. మన ఇళ్ళలో బ్రెడ్డంటే ఇంకా జ్వరమొచ్చినవాళ్ళ తిండే. ఫ్యాక్టరీ స్లైస్ బ్రెడ్డు ధరతో నువ్వు పోటీపడలేవు, పడకు. బన్నులు, పావ్, దిల్‌పసంద్, పాల రొట్టెలు, సాయంత్రం వేడివేడి ఉల్లిపాయ బన్నులు – వీటికి తాజాదనమే ధర. ముందు పక్క వీధి టీ కొట్టుకు రోజుకు ముప్పై బన్నులిచ్చి చూడు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా? కేకులు రెండేళ్ళుగా అమ్ముతున్నావన్నావు గానీ ఆ సంగతి రాయలేదు. ఇంట్లో చేసి అమ్మినా అది తప్పదు. ఆన్‌లైన్‌లోనే అవుతుంది, 14 అంకెల నంబరు వస్తుంది. చిన్న వ్యాపారానికి ఫీజు పెద్దదేం కాదు. అది మాత్రం సంక్రాంతి దాకా ఆపకు.

ఎనిమిదో బ్రెడ్డు దాకా వచ్చాక మళ్ళీ ఉత్తరం రాయి. నోటుబుక్కులో ఆ ఎనిమిది పేజీలూ ఫోటో తీసి జతచేయి. బ్రెడ్డు ఫోటో పెట్టేటట్టయితే పై నుంచి తీసింది వద్దు, పైన అందరివీ ఎర్రగానే ఉంటాయి. నడిమికి కోసి లోపల చూపించు. అడుగున మందంగా పట్టీ కట్టిందో, పైన పెద్ద బెజ్జాలు పడ్డాయో చూస్తే ఏం జరిగిందో చెప్పేస్తాను. అత్తయ్యగారికి ఒక ముక్క వెన్న రాసివ్వు, ఏమన్నారో అదీ రాయి.